సున్నా రూపాయల టిక్కెట్టు, దొరకని గది

శ్రీకాకుళంలో మేము ముందుగా ఫోన్లో మాట్లాడి, 500 రూపాయలు అడ్వాన్సు పంపి ఖాయం చేసుకున్న లాడ్జిలో శనివారం రాత్రి తొమ్మిదీ నలభైకి మాకు గది ఇవ్వలేదు. గదులు లేక కాదు, మా వెంట మగవాడు లేక. డెబ్బై నాలుగేళ్ళ మా అత్తగారు, యాభై దాటిన నేను, న్యాయశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, ముగ్గురమూ ఆధార్ కార్డులు బల్ల మీద పెట్టి నిలబడితే, అక్కడి గుమాస్తా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "మగవాళ్ళెవరూ రాలేదా?" అని అడిగాడు. నాలుగు రోజుల ప్రయాణంలో మిగిలినదంతా హాయిగానే సాగింది. అయినా ఇది రాయడానికి నన్ను కూర్చోబెట్టింది మాత్రం ఆ ప్రశ్నే.

మేము రాజమండ్రి నుంచి బయలుదేరింది మా మామగారి పని మీద. ఆయన పూర్వీకులది పాలకొండ వైపు. సంవత్సరీకాలు అయ్యాక ఒకసారి శ్రీకూర్మంలో పిండం పెట్టించమని ఆయన బతికుండగానే చెప్పారు. ఆయనకు మా వారు ఒక్కరే కొడుకు, ఉద్యోగం ఓడ మీద. సెలవు మూడుసార్లు వాయిదా పడింది. "వాడి సెలవు కోసం ఆయన ఎన్నాళ్ళని కాచుకుంటారు? మనమే వెళదాం పద" అని అత్తగారే ముందుగా సంచి సర్దుకున్నారు. పుష్యమాసపు చలి, మోకాళ్ళ నొప్పులు ఏవీ ఆవిడకు అడ్డు రాలేదు. దారిలో రెండు రోజులు విజయనగరంలో ఆగుదామన్నది నా కోరిక.

విజయనగరంలో స్టేషనుకు దగ్గరలో దిగిన లాడ్జిలో గదికి రోజుకు 1,200 రూపాయలు, అదనపు పరుపుకు 200. దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్ళు ఉదయం ఆరింటికే వచ్చేవి, ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. 1713లో కట్టిన కోటనూ, మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి అమ్మవారినీ చూశాము. 1757 నాటి బొబ్బిలి యుద్ధం వద్దని అన్నగారైన విజయనగరం రాజును బతిమాలి, ఆయన మరణవార్త విని పెద్దచెరువులో లీనమైపోయిన ఆడపడుచుగా ఆ తల్లిని ఊరు చెప్పుకుంటుంది. గెలిచిన రాజుల పేర్లు గోడల మీద ఉన్నాయి గానీ, యుద్ధం వద్దన్న చెల్లెలి గుడి ముందు మాత్రమే ఆ సాయంత్రం వరస కట్టిన జనం కనిపించారు. మహారాజా సంగీత కళాశాలను బయటి నుంచే చూశాము. 1919లో పెట్టిన ఆ కళాశాలకు మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. గాయని పి. సుశీల చదువుకున్నదీ అక్కడే. అత్తగారు ఆవిడ పాటలకు ప్రాణం పెడతారు కాబట్టి గేటు దగ్గర నుంచి కదలడానికి పావుగంట పట్టింది.

ఆ రాత్రి ఒక రామమందిరంలో హరికథ విన్నాము. టిక్కెట్టు లేదు, హారతి పళ్ళెంలో మేము వేసింది 300 రూపాయలు. కపిలేశ్వరపురం హరికథా పాఠశాలలో నేర్చుకున్న భాగవతారిణి అట. నలభై ఏళ్ళుంటాయి. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ, వయొలిన్, మృదంగం తోడు. కథ ద్రౌపదీ మానసంరక్షణం. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా చీర లాగే ఘట్టం దగ్గర గంటసేపు ఆగి, కృష్ణుణ్ణి పిలిపించి, ప్రేక్షకుల చేత కన్నీళ్ళు పెట్టించి ముగిస్తారు. ఈవిడ అలా చెయ్యలేదు. దుర్యోధనుడు పంపిన దూత ప్రాతికామి వచ్చి సభకు రమ్మన్నప్పుడు ద్రౌపది వెంటనే ఏడవలేదనీ, "తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా?" కనుక్కుని రమ్మని అతణ్ణి వెనక్కి పంపిందనీ చెప్పి, చిడతలు ఆపేసి, ఆ ఒక్క ప్రశ్న మీదే అరగంట నిలబడ్డారు. తన్ను తాను ఓడిపోయిన మనిషికి ఇంకొకరిని పందెం పెట్టే అధికారం ఎక్కడిది? కురువృద్ధుడు భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడే గానీ జవాబు చెప్పలేదు. చిన్నవాడైన వికర్ణుడు ఒక్కడే లేచి ఆవిడ అడిగింది న్యాయమన్నాడు. ఆ తరువాత ధృతరాష్ట్రుడు వరాలు కోరుకోమంటే, ఆమె మొదటి వరంతో ధర్మరాజును, రెండో వరంతో మిగిలిన నలుగురిని రథాలతో ఆయుధాలతో సహా విడిపించి, మూడోది ఇస్తానన్నా వద్దంది. మునిగిపోతున్న పాండవులకు పాంచాలి పడవ అయిందని, ఆమెను అవమానించిన కర్ణుడే ఒప్పుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పిన నేను ఈ ఘట్టాన్ని ఎన్నోసార్లు చదివించాను. కానీ రక్షించబడిన స్త్రీగా కాక, ఐదుగురిని రక్షించిన స్త్రీగా ద్రౌపదిని నిలబెట్టి చూపించడం ఆ రాత్రే విన్నాను. అత్తగారు బసకు వచ్చాక కూడా నిద్రపోలేదు. "నాకు చిన్నప్పటి నుంచీ చీర సంగతే చెప్పారు, ప్రశ్న సంగతి ఎవరూ చెప్పలేదు" అని చీకట్లో రెండుసార్లు అన్నారు.

మరునాడు రామతీర్థం వెళ్ళివచ్చాము. రానూపోనూ ఆటోకు 600. సాయంత్రం నాలుగున్నరకు శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాము. మహిళలకు ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలయ్యాక అత్తగారు ఇంత దూరం బస్సులో వెళ్ళడం ఇదే మొదలు. కండక్టరు మా మూడు ఆధార్ కార్డులు చూసి మూడు సున్నా రూపాయల టిక్కెట్లు ఇచ్చాడు. ఆ పథకం పేరు స్త్రీ శక్తి. ఆ పేరున్న టిక్కెట్టును ఆవిడ మడతపెట్టి పర్సులో దాచుకున్నారు. రణస్థలం దాటాక బస్సు పాడై, ఇంకో బస్సు వచ్చేసరికి చీకటి పడింది. రెండు గంటల దారి ఐదు గంటలైంది.

అలా చేరిన ఊళ్ళో, అదే కార్డు చూపిస్తే, లాడ్జి గుమాస్తా అడిగిన మాట మొదటే రాశాను. అతను మర్యాద లేని కుర్రవాడు కాదు. "మామ్మగారూ, నేనేం చెయ్యలేను, ఒట్టి ఆడవాళ్ళకు ఇవ్వొద్దని ఓనరుగారి రూలు" అన్నాడు. అతని వెనక గోడకు సీతారామ పట్టాభిషేకం పటం, దానికి ఆ పూట వేసిన బంతిపూల దండ. మా అమ్మాయి రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళ పేరు స్పష్టంగా ఉందనీ, స్త్రీ అన్న కారణంతో లోపలికి రానివ్వకపోవడం కుదరదనీ గొంతు పెంచి చెప్పింది. అతను వినలేదు. టీవీ ముందు కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు మా వైపు ఒకసారి చూసి మళ్ళీ టీవీ వైపు తిరిగారు. నాకు కాళ్ళు వణికాయి. ఇంకెక్కడైనా చూసుకుందామని సంచులు తీస్తుంటే, అత్తగారు అక్కడి బెంచీ మీద కూర్చుని చాలా మెల్లగా అడిగారు. "నాయనా, నాకు ఒక్కటి చెప్పు. మీ ఓనరు ఈ రూలు పెట్టింది ముందా, నా 500 పుచ్చుకున్నది ముందా? రూలు ముందైతే డబ్బెందుకు తీసుకున్నారు? డబ్బు ముందైతే గదెందుకు ఇవ్వరు?"

అతని దగ్గర జవాబు లేదు. ఓనరుకు ఫోన్ చేశాడు. బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చి, డబ్బు సోమవారం వేస్తారన్నాడు. మేము అక్కడ గడిపింది నలభై నిమిషాలు. మమ్మల్ని దించిన ఆటో అబ్బాయి సంచులు మరిచిపోయామేమోనని చూడడానికి లోపలికి వచ్చి, సంగతి విని, "పెద్దావిడ అడిగిందాంట్లో తప్పేటున్నాది? పైసలు తీసుకుని బయటికి పొమ్మంటే ఎలాగండీ?" అని గుమాస్తాతో అన్నాడు. ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. ఆ హాలులో మా తరఫున మాట్లాడింది అతనొక్కడే, నాకు ముందు రాత్రి విన్న వికర్ణుడు గుర్తొచ్చాడు.

అతనే మమ్మల్ని అరసవల్లి వెళ్ళే దారిలో ఒక చిన్న బసకు తీసుకువెళ్ళాడు. కింద ఇల్లు, పైన నాలుగు గదులు, నడిపేది ఒక పెద్దావిడ. గది 700. తలుపు తీస్తూనే ఆవిడ అన్న మాట "ఏటమ్మా, ఇంత రాత్రయిపోనాది, బువ్వ తిన్నారా?" అని. రిజిస్టరులో రాసుకోవడం మరునాటి ఉదయానికి వాయిదా వేసి, ముందు పొయ్యి వెలిగించింది. వేడి అన్నం, నువ్వుల పొడి, మెంతి కారం పెట్టిన వంకాయ కూర, పల్చటి చారు. తెల్లారి చోడి (రాగి) అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ. రెండు పూటల భోజనానికి ముగ్గురికీ కలిపి 360 అడిగింది, నేను 500 ఇస్తే 140 తిరిగి ఇచ్చింది. గది చిన్నది, స్నానాల గది మెట్ల కింద ఉంది, అత్తగారికి ఎక్కి దిగడం కష్టమైంది. అయినా శ్రీకాకుళంలో దిగే ఆడవాళ్ళకు నేను ఇలాంటి ఇళ్ళనే వెతుక్కోమంటాను. అద్దాల తలుపులున్న చోట అడ్వాన్సు పంపే ముందు "మేము ఆడవాళ్ళమే వస్తున్నాము" అని స్పష్టంగా చెప్పి, ఆ మాటకు ఒప్పుకున్నట్టు సందేశం రాయించుకోండి. బస్సులో గుర్తింపు కార్డు అడుగుతారు. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో ఉచితం చెల్లదు.

ఆదివారం అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి దర్శనానికి రెండు గంటలు పట్టింది. అక్కడి నుంచి శ్రీకూర్మం వెళ్ళాము. రానూపోనూ ఆటోకు 550. కూర్మావతారానికి వెలసిన ఈ గుడిలో స్వామి పడమటి వైపు చూస్తూ ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు ఉంటాయి, ఆవరణలో తాబేళ్ళను పెంచుతారు. మా అమ్మాయి ఆ తాబేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ముందు రాత్రి నుంచీ ఉన్న కోపం ఆ పిల్ల ముఖంలో కాస్త తగ్గింది అక్కడే.

శ్వేతపుష్కరిణి దగ్గర మాకు దొరికిన పురోహితుడు డెబ్బై దాటినవారు. "కర్త ఎవరమ్మా?" అని అడిగారు. నేను ముందు రాత్రి ప్రశ్నే మళ్ళీ వస్తుందని గుండె చిక్కబట్టుకున్నాను. "నా కోడలు" అన్నారు అత్తగారు. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత దర్భలు విడదీస్తూ, "గయలో సీతమ్మ దశరథ మహారాజుకు ఇసుక పిండం పెట్టింది. రాముడూ లక్ష్మణుడూ సామగ్రి కోసం వెళ్ళి ఆలస్యం చేస్తే, మామగారు చెయ్యి చాపితే, ఆవిడ ఊరుకోలేదు. మీ మామగారి గోత్రమే మీ గోత్రం. కూర్చోండి" అన్నారు. ఈ కథ వాల్మీకంలో లేదు, గయ క్షేత్రానికి సంబంధించి పెద్దలు చెప్పుకునేది. రాముడు తిరిగి వచ్చి నమ్మకపోతే, ఫల్గు నదీ, ఆవూ, మొగలిపువ్వూ, బ్రాహ్మణుడూ అబద్ధమాడారనీ, మర్రిచెట్టు ఒక్కటే నిజం చెప్పిందనీ, సీత శాపం వల్లనే ఫల్గు ఇసుక కింద ప్రవహిస్తోందనీ ఆయన చెబుతుండగా మా అమ్మాయి అడ్డుపడింది. "అన్ని సాక్ష్యాలెందుకండీ? సీత చెబితే చాలదా?" అంది. ఆయన తల ఎత్తి చూసి, "చాలలేదు కనకనే కదమ్మా ఆవిడకు అంత కోపం వచ్చింది" అన్నారు.

సీతను ఓర్పుకు మారుపేరుగా నేనూ పాఠం చెప్పాను. కానీ అడవికి రావద్దన్న రాముణ్ణి, పురుష రూపంలో ఉన్న స్త్రీని మా తండ్రి అల్లుడిగా తెచ్చుకున్నాడా అని అడిగింది ఆ సీతే. అశోకవనంలో రావణుడికీ తనకూ మధ్య గడ్డిపరక పెట్టి మాట్లాడింది ఆమే. వీపు మీద తీసుకుపోతానన్న హనుమంతుణ్ణి కారణాలు చెప్పి వద్దన్నదీ ఆమే. వాల్మీకి రాసిన ఈ మాటలను వదిలేసి, ఆడపిల్లలకు ఓర్పు ఒక్కటే నేర్పడం ఆ కావ్యానికి చేసే అన్యాయం. ఆ అన్యాయంలో నా పాలు కూడా ఉందని, తడి చీరతో పిండాలు వత్తుతూ అనుకున్నాను. నా చేతులు వణుకుతుంటే అత్తగారు పక్కన కూర్చుని నువ్వులు అందించారు. సామగ్రితో సహా ఆయన అడిగింది 1,500. లెక్క చెప్పి మరీ తీసుకున్నారు.

సోమవారం ఉదయం రైలు ఎక్కే ముందు పొందూరు వెళ్దామనుకున్నాము. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, సన్నని నూలు వడికే ఆడవాళ్ళను మా అమ్మాయికి చూపించాలని ఉంది నాకు. అత్తగారు ముందు కలెక్టరు కార్యాలయానికి వెళ్ళాలన్నారు. సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. అమ్మాయి రాస్తానంటే వద్దని, అక్కడి చెట్టు కింద అరుగు మీద కూర్చుని తనే రాశారు. తండ్రి లేక భర్త పేరు అన్నచోట మామగారి పేరు ముందు కీర్తిశేషులు అని చేర్చి, కొంతసేపు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఫిర్యాదు రెండు వాక్యాలు. మొదటిది డబ్బు తీసుకుని గది ఇవ్వలేదని, రెండోది మగవాడు లేడని ఇవ్వకపోవడానికి ఏ నియమం ఉందో తనకు రాతపూర్వకంగా తెలియజేయమని. రసీదు ఇచ్చారు. ఆవిడ దాన్ని బస్సు టిక్కెట్టుతో కలిపి పర్సులో పెట్టుకున్నారు.

పొందూరులో ఒక కండువా కొన్నాము, 1,150 రూపాయలు, ఓడ దిగి వచ్చాక మా వారికి ఇవ్వడానికి. ఇది రాస్తున్న రోజు వరకు 500 రూపాయలు తిరిగి రాలేదు, అర్జీకి జవాబూ రాలేదు. అత్తగారు ప్రతి సోమవారం మా అమ్మాయి చేత ఫోన్ చేయించి అడుగుతున్నారు.