డబ్లిన్‌లో కచేరీ టికెట్లు కొనేవారికి హెచ్చరిక: 346 యూరోలు కట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయాం

ఐర్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను ఒక మంచి కచేరీకి తీసుకెళ్లాలనుకునేవారికి ఈ సంగతి చెప్పాలి. బృందం పేరు, ఊరి పేరు కొట్టి ఇంటర్నెట్‌లో వెతికితే అన్నిటికంటే పైన కనిపించే టికెట్ల సైటులో కొనకండి. హాలువాళ్ల సొంత పేజీ తెరవండి. వాళ్లు ఎక్కడ కొనమంటే అక్కడే కొనండి. మేము ఆ పని చేయలేదు. నాలుగు టికెట్లకు 346 యూరోలు కట్టాం. ఆ టికెట్లతో మాలో ఒక్కరినీ లోపలికి రానివ్వలేదు.

మా ఇంట్లో అందరికీ ఐరిష్ జానపద సంగీతం వాయించే ఆల్టన్ బృందం అంటే ప్రాణం. మొదలైంది మా అమ్మాయి వల్ల. ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు టిన్ విజిల్ నేర్పుతారు, ఆరు రంధ్రాల చిన్న రేకు పిల్లనగ్రోవి. బడిలో నేర్పిన ఒక పాట ఎక్కడిదా అని వెతుక్కుంటూ వెళ్తే మాకు ఈ బృందం దొరికింది. ఐర్లండ్ వాయవ్య మూలనున్న డొనెగాల్ ప్రాంతపు సంగీతం వాళ్లది. ఫిడేలు వాయిస్తూ ఐరిష్ భాషలో పాడే మరేడ్ నీ వీనీ, వేణువు వాయించే ఆమె భర్త ఫ్రాంకీ కెనడీ కలిసి 1980లలో మొదలుపెట్టారు. ఆయన 1994లో చనిపోయినా ఆమె బృందాన్ని ఆపలేదు. డొనెగాల్ కొండల మధ్య ఉన్న ఒక సరస్సు పేరే బృందం పేరు.

మా నాన్నగారు మూడు నెలలు ఉండడానికి రాజమహేంద్రవరం నుంచి వచ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ రేడియోలో వింటూ పెరిగిన మనిషి. మొదటిసారి టీవీలో డొనెగాల్ ఫిడేలు చూపించినప్పుడు మధ్యలో ఆపమని, వెనక్కి తిప్పించి మళ్లీ చూశారు. “గమకం లేదమ్మా. కానీ ఆ కమాను చూడు, ఎంత పొట్టిగా వేస్తోందో, ప్రతి స్వరం విడివిడిగా వినిపిస్తోంది” అన్నారు. మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని టిన్ విజిల్ మీద అదే పాట వెతికేది. అలాంటి ఇంటికి ఆల్టన్ కచేరీ ఉందని తెలిస్తే ఎంత సంబరమో చెప్పనక్కరలేదు. ఆ సంబరంలోనే తొందరపడ్డాను.

ఫోనులో వెతికాను. మొదట వచ్చిన సైటులో హాలు ఫోటో, బృందం ఫోటో, తేదీ, సీట్ల పటం అన్నీ ఉన్నాయి. పైన చిన్న అక్షరాలతో ‘ప్రకటన’ అని ఉంది కానీ నా కన్ను దాని మీద పడలేదు. పేజీ అడుగున, ఇంకా చిన్న అక్షరాలతో, ‘ధరలు అసలు ధర కంటే ఎక్కువగా ఉండవచ్చు’ అన్న వాక్యం ఉంది. అంటే అది వేరేవాళ్లు కొన్న టికెట్లను మళ్లీ అమ్మే సైటు. ఆ వాక్యం మూడు రోజుల తరువాత చదివాను. కొనేటప్పుడు నాకు కనిపించినవి రెండే: ఈ టికెట్లను మరో 9 మంది చూస్తున్నారన్న మాట, ఏడు నిమిషాల నుంచి వెనక్కి నడిచే గడియారం. ఒక్కో టికెట్టు 71 యూరోలు. అన్ని వివరాలూ నింపాక చివరి పేజీలో సేవా రుసుము, పంపిణీ రుసుము కలిపి మరో 62 యూరోలు చేర్చారు. అప్పటికి గడియారంలో ఒకటిన్నర నిమిషం మిగిలింది. కట్టేశాను.

నాలుగు సీట్ల అసలు ధర 140 యూరోలు, ఒక్కోటి 35. అదే రోజు హాలు పేజీలో ఇంకా సీట్లు ఉన్నాయి కూడా. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం. మనవైపు సినిమా హాలు ముందు బ్లాకులో అమ్మేవాడు కనీసం హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాక వస్తాడు.

టికెట్లు కచేరీ రోజు సాయంత్రం అయిదున్నరకు వచ్చాయి. అంతవరకు “మీ విక్రేత పంపుతారు, నిశ్చింతగా ఉండండి” అన్న సందేశాలే. ఆ నాలుగు కాగితాలూ ఇప్పుడు నా ముందు ఉన్నాయి, కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను. సీట్ల అంకెలు 14 నుంచి 17 వరకు సరిగ్గా ఉన్నాయి. కానీ 14, 15 టికెట్ల మీద బార్‌కోడ్ కింద ఉన్న అంకెల వరుస ఒక్కటే. మిగిలిన రెండింటి మీదా అంతే, ఇంకో వరుస. అంటే రెండు టికెట్లను నాలుగుగా చేశారు. సీటు అంకె దగ్గర కాగితం రంగు చుట్టుపక్కల తెలుపు కంటే కొంచెం పసుపుగా ఉంది, చెరిపి మళ్లీ రాసినట్టు. కొన్న మనిషి పేరు ఉండవలసిన చోట ఎవరిదో పేరు సగం కోసేసి ఉంది. ఫోనులో వేలితో పెద్దది చేసి చూసి ఉంటే ఇంట్లోనే తెలిసేది. ఆ సమయంలో నేను నాన్నగారి స్వెటర్ వెతుకుతున్నాను.

గుమ్మం దగ్గర ఉన్న కుర్రాడు స్కానర్ పెట్టాడు. ఎర్ర దీపం. రెండోది పెట్టాడు, మళ్లీ ఎర్ర దీపం. నాలుగూ అంతే. ఆ రెండు కోడ్‌లతో అప్పటికే ఎవరో లోపలికి వెళ్లిపోయారు. ఆ కుర్రాడు ఎంతో మర్యాదగా మమ్మల్ని వరుస పక్కకు తీసుకొచ్చి, టికెట్ కౌంటర్ దగ్గరికి పంపాడు. మా వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్తున్నారు. నాన్నగారికి ఇంగ్లీషు వచ్చు, జరిగింది అర్థమైంది. “పోనీలే అమ్మా, ఇంటికి వెళ్లి టీవీలో చూద్దాం” అన్నారు. మా అమ్మాయి మాత్రం టిన్ విజిల్ ఉన్న సంచిని రెండు చేతులతో పట్టుకుని స్కానర్ వైపే చూస్తూ నిలబడింది.

హాలువాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. కౌంటర్‌లో ఉన్న ఆవిడ, ఎవరో తిరిగి ఇచ్చిన రెండు టికెట్లు ఉన్నాయని, అసలు ధరకే ఇచ్చింది. నాన్నగారు, అమ్మాయి లోపలికి వెళ్లారు. నేను, మా వారు రెండు గంటలు వసారాలో నిలబడ్డాం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక చరణం వినిపించేది.

ఇక డబ్బు సంగతి. ఆ సైటువాళ్లు ముందు తప్పు విక్రేతదన్నారు, తరువాత మరో కచేరీకి వాడుకునే కూపన్ ఇస్తామన్నారు. కూపన్ ఒప్పుకోకండి. ఒప్పుకుంటే గొడవ తీరిపోయినట్టే లెక్క అవుతుంది, తరువాత బ్యాంకులో మీ మాట నిలవదు. మేము కార్డుతో కట్టాం కాబట్టి బ్యాంకుకు చార్జ్‌బ్యాక్ దరఖాస్తు పెట్టాం, అంటే కార్డుతో కట్టిన సొమ్మును అమ్మినవాళ్ల నుంచి వెనక్కి తెప్పించమని అడగడం. అక్కడ మమ్మల్ని కాపాడింది ఒకే ఒక్క కాగితం: ఈ టికెట్లు చెల్లలేదని హాలువాళ్లు ఆ రాత్రే పంపిన రెండు వాక్యాల ఈమెయిల్. మా వారు అక్కడికక్కడే అడిగి తీసుకున్నారు. మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే, ఎంత కోపంలో ఉన్నా, ఆ రెండు వాక్యాలు రాయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి. ఏడు వారాలకు మా సొమ్ము తిరిగి వచ్చింది. బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా పంపిన డబ్బుకు ఈ చార్జ్‌బ్యాక్ వర్తించదు. మన వాట్సాప్ గ్రూపుల్లో “రెండు టికెట్లు ఉన్నాయి, ఎవరికైనా కావాలా” అని ముక్కూమొహం తెలియనివాళ్లు పెడితే అందుకే భయపడాలి. అమ్మిన కంపెనీ ఐరోపా సమాఖ్యలోని మరో దేశానిదైతే, డబ్లిన్‌లోని యూరోపియన్ కన్జూమర్ సెంటర్ ఉచితంగా సాయం చేస్తుంది.

చట్టం లేదా అని చాలామంది అడిగారు. ఉంది. టికెట్లను అసలు ధర కంటే ఎక్కువకు మళ్లీ అమ్మడాన్ని నిషేధిస్తూ ఐర్లండ్ 2021లో చట్టం చేసింది. లక్ష యూరోల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు. కానీ అది వెయ్యి మందికి తక్కువ కాకుండా పట్టే వేదికలకు, అదీ చట్టం కింద నమోదైనవాటికి మాత్రమే. జానపద సంగీతం ఎక్కువగా జరిగేది మూడు వందలు, అయిదు వందల మంది పట్టే చిన్న హాళ్లలో. మేము వెళ్లిన హాలూ అలాంటిదే. చట్టం ఉంది కదా అన్న ధీమాతో ఉండకండి. నకిలీ టికెట్టు అమ్మడం మాత్రం ఎక్కడైనా మోసమే, దగ్గర్లోని గార్డా (ఇక్కడి పోలీసు) స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. మేము ఇచ్చాం.

పిల్లలతో వెళ్లేవారు ఇంకొక్కటి చూసుకోవాలి. మళ్లీ అమ్మే సైట్లలో వయసు నిబంధన సరిగ్గా కనిపించదు. కొన్ని వేదికల్లో 18 ఏళ్ల లోపు వారిని అసలు రానివ్వరు. కచేరీ పబ్బులో అయితే, తల్లిదండ్రులు పక్కనే ఉన్నా పిల్లలు రాత్రి 9 గంటలకల్లా బయటికి రావాలి. మే నుంచి సెప్టెంబరు వరకు 10 గంటలు. టికెట్టు అసలైనదే అయినా, ఈ ఒక్క నిబంధన వల్ల కుటుంబమంతా వెనక్కి రావలసి రావచ్చు. హాలు పేజీలో లేకపోతే ఫోను చేసి అడగండి, చెబుతారు.

ఈ వారం, వచ్చే వారం కచేరీలకు అలాంటి సైట్లలో ఇప్పటికే కొన్నవారు ఉంటే ఈ రాత్రే ఆ టికెట్లు తెరిచి, బార్‌కోడ్ కింద అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే వరుస రెండుసార్లు కనిపించినా, టికెట్లు ఇంకా రాకపోయినా, రేపు ఉదయం హాలుకు ఫోను చేసి మీ వరుస, సీటు అంకెలు చెప్పండి. అక్కడ సీట్లు మిగిలి ఉంటే ముందు వాటిని కొనుక్కోండి. బ్యాంకుతో గొడవ కచేరీ అయ్యాక పడవచ్చు.