ఎంఎల్ఐఆర్ డయలెక్ట్ కన్వర్షన్: ఏళ్ల తరబడి వాడాక

మా టీమ్ ఒక యాక్సెలరేటర్ చిప్‌కి కంపైలర్ రాస్తుంది. పైన మా సొంత డయలెక్ట్ (ఒక స్థాయికి చెందిన ఆపరేషన్లు, టైపుల గుంపు), అట్టడుగున ఎల్ఎల్‌వీఎం ఐఆర్ (మెషీన్ కోడ్‌కి ముందు రూపం), మధ్యలో లినాల్జ్ (లీనియర్ ఆల్జీబ్రా), ఎస్‌సీఎఫ్ (లూపులు, షరతులు), మెమ్‌రెఫ్ (మెమరీ బఫర్లు) అనే డయలెక్ట్‌లు. పై నుంచి కిందికి దింపే పనంతా, కంపైలర్లు కట్టే పనిముట్ల పెట్టె అయిన ఎంఎల్ఐఆర్‌లోని డయలెక్ట్ కన్వర్షన్ ఫ్రేమ్‌వర్క్‌దే. ఎంఎల్ఐఆర్ 2019లో బయటికొచ్చి, ఆ ఏడాది చివర్లోనే ఎల్ఎల్‌వీఎం రిపోలో కలిసింది. కొన్నేళ్లుగా నాకు రోజూ దీనితోనే కాపురం. మార్కులు వేయమంటే పదికి ఏడు వేస్తాను.

ఆ ఏడూ ఎందుకంటే, ఏ క్రమంలో మార్చాలో మనం చెప్పక్కర్లేదు. చివరికి ఏది మిగలొచ్చు, ఏది మిగలకూడదు అన్నది కన్వర్షన్ టార్గెట్ అనే జాబితాలో రాస్తే చాలు. ఎ నుంచి బి కి ఒక ప్యాటర్న్ (ఒక ఆపరేషన్‌ని ఇంకోదానిగా మార్చే నియమం), బి నుంచి సి కి ఇంకొకటి ఉంటే, ఎ ని సి దాకా తీసుకెళ్లే దారి అదే వెతుక్కుంటుంది. డైనమిక్ లీగాలిటీ (ఒక ఆపరేషన్ మిగలొచ్చా లేదా అన్నది అప్పటికప్పుడు తేల్చడం) ఇంకా బాగుంటుంది: సిగ్నేచర్‌లో టైపులన్నీ మారితేనే ఈ ఫంక్షన్ లీగల్ అని ఒక చిన్న లాంబ్డాలో చెప్పేయొచ్చు.

పాత టైపులను కొత్తవిగా మార్చే టైప్ కన్వర్టర్ పని చేసే తీరు చూడాలంటే రెండు డైమెన్షన్ల మెమ్‌రెఫ్ ఒకటి తీసుకోండి. ఎల్ఎల్‌వీఎంకి దిగేసరికి అది రెండు పాయింటర్లు, ఒక ఆఫ్‌సెట్, రెండు సైజులు, రెండు స్ట్రైడ్‌లు అవుతుంది. అంటే ఫంక్షన్‌కి ఇచ్చే ఒక్క ఆర్గ్యుమెంట్ కాస్తా ఏడవుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ డంప్ చూసి హడలిపోతారు.

ఇక తలనొప్పి సంగతి. పాత టైపు, కొత్త టైపు కలవని చోటల్లా ఫ్రేమ్‌వర్క్ అన్‌రియలైజ్డ్ కన్వర్షన్ కాస్ట్ అనే ఆపరేషన్‌ని పెట్టి వదిలేస్తుంది. అన్ని పాస్‌లూ (కోడ్‌పై ఒక్కో విడతగా నడిచే మార్పులు) అయ్యాక, ఎదురూ బదురూ ఉన్న జంటలను రీకన్సైల్ పాస్ కొట్టేస్తుంది. ఒక్కటి మిగిలినా ఎల్ఎల్‌వీఎం ఐఆర్‌లోకి ట్రాన్స్‌లేషన్ అక్కడే ఆగిపోతుంది. ఎర్రర్‌లో కనిపించేది ఆ కాస్ట్ పేరే గానీ అసలు దోషి పేరు కాదు. మా దగ్గర తరచూ దొరికే దోషి మెమ్‌రెఫ్ సబ్‌వ్యూ (ఒక బఫర్‌లో కొంత భాగాన్ని చూపే ఆపరేషన్). దాన్ని విప్పడానికి ఎక్స్‌పాండ్ స్ట్రైడెడ్ మెటాడేటా పాస్ పెడతాం. ఆఫ్‌సెట్ లెక్క కోసం అది కొత్తగా అఫైన్ అప్లైలు (ఇండెక్స్ లెక్కలు వేసే ఆపరేషన్లు) పుట్టిస్తుంది. వాటిని మామూలు అంకగణితంగా దింపే లోయర్ అఫైన్ పాస్ అంతకుముందే నడిచి వెళ్లిపోయి ఉంటుంది! అఫైన్ అప్లై ఇండెక్స్ టైపులోనే కూర్చుంటుంది, చుట్టూ అన్నీ 64 బిట్ల ఇంటిజర్లు అయిపోతాయి, మధ్యలో కాస్ట్ ఇరుక్కుంటుంది. లోయర్ అఫైన్‌ని ఆ తర్వాత మళ్లీ ఒకసారి నడిపితే పోతుంది. తెలిస్తే ఒక్క లైను పని, తెలియకపోతే సాయంత్రం దాకా టెన్షన్.

రెండో ఇబ్బంది రోల్‌బ్యాక్. ప్యాటర్న్ ఫెయిలైతే వెనక్కి తిప్పగలగాలి కాబట్టి, ఎరేజ్ చేసిన ఆపరేషన్ కూడా కన్వర్షన్ ముగిసేదాకా నిజంగా పోదు. ప్యాటర్న్ లోపలి నుంచి పక్కన ఏముందో చూద్దామంటే పాతదీ కొత్తదీ కలగాపులగంగా కనిపిస్తాయి. ఆపరాండ్‌ని (ఆపరేషన్‌కి ఇచ్చే విలువని) నేరుగా ఆపరేషన్ నుంచి అడిగితే పాత టైపు, అడాప్టర్ (మారిన ఆపరాండ్లను అందించే ఆబ్జెక్ట్) నుంచి అడిగితే కొత్త టైపు. మార్పులను నమోదు చేసుకునే రీరైటర్‌కి చెప్పకుండా ఆట్రిబ్యూట్ మార్చారో, వెనక్కి తిప్పడానికి దాని దగ్గర లెక్క ఉండదు. అందుకే మా రివ్యూల్లో నేను ముందు వెతికేది అడాప్టర్ వాడారా లేదా అనే.

సీ ప్లస్ ప్లస్ ఏపీఐ నిలకడ గురించి ఆశ పెట్టుకోవద్దు. ఎల్ఎల్‌వీఎం ఆరు నెలలకో రిలీజ్ ఇస్తుంది, ప్రతిసారీ ఏదో ఒక ఫంక్షన్ పేరు మారుతుంది. మేం ఒక కమిట్‌కి కట్టుబడి, వీలున్నప్పుడు పైకి జరుగుతాం.

టైపులు మారని పనికి, అంటే అదే డయలెక్ట్‌లో సర్దుబాట్లకి, ఇది దండగ. కుదిరిన ప్యాటర్న్‌లను మార్పు ఆగేదాకా వేసే గ్రీడీ రీరైట్ డ్రైవర్ చాలు, రోల్‌బ్యాక్ గొడవ ఉండదు. టైపులు మారితే మాత్రం పార్షియల్ కన్వర్షన్‌తో (టార్గెట్ పేర్కొనని ఆపరేషన్లను మిగలనిచ్చేది) మొదలుపెట్టండి, ఫుల్ కన్వర్షన్ (అన్నీ లీగల్ అయి తీరాల్సినది) చివరి పాస్‌కి ఉంచండి. ప్యాటర్న్ కుదరనప్పుడు ఉత్త ఫెయిల్యూర్ తిరిగిచ్చే బదులు నోటిఫై మ్యాచ్ ఫెయిల్యూర్‌తో కారణం రాయండి. డీబగ్ ఓన్లీ ఫ్లాగ్‌కి డయలెక్ట్ కన్వర్షన్ అని ఇస్తే ఏ ప్యాటర్న్ ఎక్కడ తప్పుకుందో, మీరు రాసిన కారణంతో సహా చెట్టులా అచ్చేస్తుంది. మామూలు రిలీజ్ బిల్డ్‌లో ఆ ఫ్లాగ్ ఉండదు, అసర్షన్లు ఆన్ చేసిన బిల్డ్ ఒకటి పక్కన పెట్టుకోవాలి.