తక్కువ ధరలో కార్నెట్: కొత్త చవకదా, పాత మంచిదా?

బ్రిటిష్ బ్రాస్ బ్యాండులో (ఇత్తడి ఊదుడు వాద్యాల బృందం) కార్నెట్, అంటే ట్రంపెట్‌ను పోలిన వాద్యం, వాయించడానికి ఒకే డబ్బుకు రెండు దొరుకుతాయి: ఊరూపేరూ లేని కొత్తది, లేదా చేతులు మారిన యమహా, బెసన్ కంపెనీలది.

కొత్తది తళతళలాడుతుంది. కానీ చాలావాటిలో వాల్వులు (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కేవి) కొన్నాళ్లకే పట్టేస్తాయి, విడిభాగాలు దొరకవు. నా ఓటు పాత యమహాకే, అయితే పరీక్షించి కొనండి. వాల్వు నొక్కకుండా దాని స్లయిడ్ (బయటికి జరిగే గొట్టం) కొంచెం లాగి, అప్పుడు వాల్వు నొక్కండి. ‘టప్’మంటే గాలి కారడం లేదు. మూడు వాల్వులకూ ఇలాగే చూడండి. మౌత్‌పీస్ (పెదాలు ఆనించి ఊదే భాగం) దిగే గొట్టం మీద గులాబీ రంగు మచ్చలుంటే వద్దు. ఇత్తడిలోని జింకు పోయి లోహం గుల్లబారుతోందన్నమాట.

మూడో స్లయిడ్‌కు, వాయిస్తూనే వేలితో జరపడానికి, ఉంగరమో ట్రిగ్గరో (మీట) తప్పనిసరి. 1, 3 వాల్వులు కలిపి నొక్కితే వచ్చే కింది డి స్వరం శ్రుతి మించుతుంది. స్లయిడ్ జరిపితేనే సరిపోతుంది.

మరీ పాత బెసన్‌తో ఇంకో చిక్కుంది. 1960ల నడుమ దాకా బ్రిటన్ బ్యాండ్ల శ్రుతి (ఎ స్వరం) సుమారు 452 హెర్ట్జ్. నాటి వాద్యానికి పొడుగు స్లయిడ్ వేయించకపోతే నేటి ప్రమాణమైన 440కి దిగడం కష్టం.

ఏది కొన్నా లోతైన కప్పున్న కార్నెట్ మౌత్‌పీస్‌కు కొంత డబ్బు విడిగా ఉంచుకోండి. ట్రంపెట్‌ది ఇందులో సరిగా కూర్చోదు.