హనుమకొండలో కొన్న ఫిల్టర్, షార్జా ఫ్లాట్‌లో కొన్నేళ్లు వాడాక

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వచ్చేవాళ్లు చాలామంది ఊరి నుంచే ఆర్వో మిషన్ తెచ్చుకుందామా అని అడుగుతారు. వద్దనే చెప్తాను. నేను హనుమకొండ చౌరస్తా దగ్గర కొన్నది కరెంటు అక్కర్లేని మామూలు రెండు బౌళ్ల ఫిల్టర్. ఒకదాంట్లో 5 మైక్రాన్ల స్పన్ క్యాండిల్, అంటే సన్నటి మడ్డిని పట్టే తెల్లటి గొట్టం; రెండోదాంట్లో కార్బన్ బ్లాక్, అంటే క్లోరిన్ వాసన తీసే బొగ్గు దిమ్మ. లుంగీలో చుట్టి పచ్చళ్ల డబ్బాల పక్కన పెట్టుకొచ్చాను, ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇక్కడి నల్లా నీళ్లు సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసి పంపేవి. మా అమ్మవాళ్లింట్లో బోరు నీళ్లకైతే పప్పు కూడా సరిగా ఉడకదు, అక్కడ ఆర్వో కావాల్సిందే. ఇక్కడ మళ్లీ ఆర్వో ఎందుకు, సగానికి పైగా నీళ్లు సింకులో పోయడానికి తప్ప? ఇక్కడి బాధల్లా క్లోరిన్ వాసన, బిల్డింగ్ ట్యాంకులో పేరుకున్న మడ్డి.

మా బావమరిది వచ్చినప్పుడు నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపే టీడీఎస్ మీటర్ ముంచి చూశాడు. ఫిల్టర్‌కు ముందూ తర్వాతా ఒకటే నంబర్. "ఇదేం ఫిల్టర్ బావా, నిన్ను మంచిగ ముంచిండ్రు" అని ఒకటే నవ్వు. కరిగిన ఉప్పును ఈ ఫిల్టర్ పట్టదు మరి. పాత క్యాండిల్ విప్పి చేతిలో పెట్టాను. తెల్లగా పెట్టింది డికాషన్ రంగుకు తిరిగింది, గోటితో గీస్తే జిగటగా బురద. ఇక మీటర్ జేబులో పెట్టేసుకున్నాడు.

అద్దె ఫ్లాట్ కాబట్టి గోడకు రంధ్రాలు కొట్టనివ్వరు, సింకు కిందే నిలబెట్టాను. సింకు కింద గోడకుండే నల్లా, అదే యాంగిల్ కాక్‌కు అరంగుళం మరలు, మన దగ్గరివీ ఇక్కడివీ ఒకటే, అందుకని ఇంటి నుంచి తెచ్చిన టీ జాయింటు (నీళ్లను రెండు దారులుగా చీల్చే ముక్క) సరిగ్గా కూర్చుంది. అమెరికా వెళ్లేవాళ్లు ఈ ధీమాతో ఉండొద్దు, అక్కడి మరలు వేరు. టెఫ్లాన్ టేపు మర బిగిసే వైపే చుట్టండి. కొత్త కార్బన్ పెట్టిన రోజు నల్లటి నీళ్లు వస్తాయి, టెన్షన్ వద్దు, తేటపడేదాకా వదిలేయండి.

లోపాలు లేవని కాదు. ఇది క్రిములను చంపదు, ట్యాంకు కడిగించని బిల్డింగ్ అయితే కాచి తాగాల్సిందే, మా చిన్నదానికి ఇప్పటికీ కాచే ఇస్తాం. ఎండాకాలంలో డాబా మీది ట్యాంకు కాగిపోయి చల్లనీళ్ల నల్లాలోనూ వేడినీళ్లే వస్తాయి, ప్లాస్టిక్ బౌళ్లకు ఆ వేడి పడదు, అందుకే తెల్లారకముందే పట్టి పెట్టుకుంటాం.

కొనేటప్పుడు బౌల్ 10 అంగుళాల మామూలు సైజేనా అని ఒక్కటి చూసుకోండి, ఆ సైజు క్యాండిళ్లు ఏ దేశంలోనైనా దొరుకుతాయి, వాళ్ల కంపెనీవే పట్టేవి అంటగడితే మాత్రం తీసుకోవద్దు. విప్పడానికి ప్లాస్టిక్ స్పానర్ అడిగి తీసుకోండి, కొన్ని దుకాణాల్లో ఇవ్వరు. బౌల్ మూత దగ్గర నీళ్లు కారకుండా ఉండే రబ్బరు ఓ-రింగులు కూడా జత ఎక్కువ తెచ్చుకోవాలి, నా రెండో బౌల్ కింద ఈమధ్య చెమ్మ కనబడుతోంది.