స్కూల్ అంబుడ్స్ ఆఫీసుతో నాలుగేళ్లు: తేలిన రెండు గొడవలు, తేలని ఒకటి

మా బాబు నాలుగో తరగతిలో ఉండగా మొదటిసారి అంబుడ్స్ ఆఫీసుకి, అంటే స్కూల్‌తో గొడవ వస్తే ఏ పక్షమూ తీసుకోకుండా మాటలతో తేల్చుకోవడానికి సాయం చేసే ఆఫీసుకి, ఫోన్ చేశాను. ఇప్పుడు వాడు ఎనిమిదికొచ్చాడు. ఈ నాలుగేళ్లలో మూడు సమస్యలతో ఆ గుమ్మం తొక్కాను. మొదటిది తల్లిగా, రెండోది ఉద్యోగిగా, మూడోది మళ్లీ తల్లిగా. మధ్యలో నేను కూడా అదే యాజమాన్యం కింద ఉన్న ఇంకో స్కూల్లో క్లాస్‌రూమ్ అసిస్టెంట్‌గా చేరాను. రెండు గొడవలు బాగా తేలాయి. మూడోదాంట్లో మాకు నష్టం జరిగింది, దానికి ఆ ఆఫీసు తప్పు కూడా కొంత ఉంది. అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

మా బాబుకి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం, రాయడం కష్టమవుతుంది. వారానికి 4 గంటలు విడిగా కూర్చోబెట్టి చదివిస్తామని స్కూల్ కాగితం మీద రాసిచ్చింది. ఆ టీచరుగారు సెలవులో వెళ్లారు. తొమ్మిది వారాలు ఆ క్లాసే జరగలేదు. మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు వాడి నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒక తేదీ తర్వాత అన్నీ తెల్ల పేజీలే. అలా తెలిసింది మాకు.

ప్రిన్సిపాల్‌గారికి మూడు మెయిల్స్ పెట్టాను. మొదటిది మర్యాదగా, రెండోది కాస్త గట్టిగా, మూడోది రాత్రి పదకొండున్నరకి, కడుపు మండిపోతుంటే. ‘పరిశీలిస్తున్నాం’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. అప్పుడు ఇంకో పేరెంట్ ఈ ఆఫీసు గురించి చెప్పారు.

ఫోన్ తీసినావిడ మొదటి పది నిమిషాలు తను ఏమేం చేయలేరో చెప్పారు. ఎవరి మీదా చర్య తీసుకోలేరు, స్కూల్ నిర్ణయాన్ని కొట్టేయలేరు, లాయర్‌లా నా తరఫున వాదించరు, విచారణ జరిపి ఎవరిది తప్పో తేల్చరు. వింటుంటే నీరసం వచ్చింది. ఇంకెందుకు ఈ ఆఫీసు అనిపించింది. తర్వాత ‘ఇప్పుడు చెప్పండి’ అని నలభై నిమిషాలు అడ్డు రాకుండా విన్నారు. స్కూల్ తరఫు మనిషి ఒకరు నా మాట చివరిదాకా వినడం అదే మొదటిసారి.

అంతా విని, ‘రేపటి నుంచి మీ బాబు రోజులో ఏం మారాలి?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎవర్ని నిలదీయాలో తెలుసు, ఎవరు సారీ చెప్పాలో తెలుసు, వాడికి రేపు ఏం కావాలో మాత్రం విడిగా ఆలోచించుకోలేదు.

ఆ వారంలోనే వెళ్లి కలిశాను. ఒక తెల్ల కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు ‘జరిగింది’, కుడివైపు ‘నేననుకున్నది’ అని రాసి పెన్ను నా చేతికిచ్చారు. ‘తొమ్మిది వారాలు క్లాసు లేదు’ అని ఎడమవైపు రాశాను. దాని కిందే ‘మా బాబంటే వీళ్లకి లెక్కలేదు’ అని కూడా రాశాను. ఆవిడ ఏమీ అనకుండా బాణం గుర్తు గీసి దాన్ని కుడివైపుకి జరిపారు. కోపం వచ్చింది, కానీ కాదనలేకపోయాను. నేను తీసుకెళ్లిన నాలుగు పేజీల ఉత్తరం ఆ రోజు పదకొండు లైన్లయింది. అందులో మూడే అడిగాం: ఎవరు, ఏ రోజు నుంచి చదివిస్తారు? పోయిన గంటలు ఎప్పుడు పూడుస్తారు? మళ్లీ ఆగితే మాకు ఎవరు, ఎన్ని రోజుల్లో చెప్తారు?

ఎనిమిది రోజుల్లో మీటింగ్ పెట్టారు. ఆవిడ బల్ల చివర కూర్చున్నారు. నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ప్రిన్సిపాల్‌గారు మధ్యలో కోర్టులో చెప్పినట్టు సమాధానం చెప్పబోతే, ‘ఈ మూడింటిలో మొదటిది చూద్దామా?’ అన్నారంతే. బదులు టీచర్ కోసం రెండుసార్లు ప్రయత్నించి దొరక్క ఊరుకున్నారని అక్కడే తెలిసింది. ఆ ఒక్క మాట ముందే చెప్పుంటే నేను మూడో మెయిల్ రాసేదాన్ని కాదు. పోయిన 36 గంటల్లో 28 గంటలు స్కూల్ అయ్యాక చదివించారు. మిగతా 8 గంటలు పోయినట్టే. ఆ విషయంలో ఇప్పటికీ నాకు బాధే.

అందరికీ వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. ఆవిడకి జీతమిచ్చేది స్కూల్ యాజమాన్యమే కదా. ‘మీరసలు ఎవరి మనిషి?’ అని మొహం మీదే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. అంబుడ్స్‌మన్ అంటే స్వీడిష్ భాషలో ప్రతినిధి అని అర్థమట. అధికారులు చట్టం ప్రకారం నడుస్తున్నారో లేదో పార్లమెంటు తరఫున చూడటానికి స్వీడన్ 1809 రాజ్యాంగంలో ఆ పదవి పెట్టింది. ఆ రకం అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకుని విచారిస్తారు. 1960లలో ఉత్తర అమెరికా యూనివర్సిటీల్లోకి వచ్చిన రకం, ఇప్పుడు చాలా సంస్థల్లో ఉన్న రకం, వేరు. వాళ్లు ఏ పక్షమూ తీసుకోరు. ‘నేను మీ మనిషినీ కాను, వాళ్ల మనిషినీ కాను. పద్ధతి సరిగ్గా జరిగిందా లేదా అన్నదే నాకు ముఖ్యం’ అన్నారు. స్కూళ్లలో రెండు రకాలూ ఉంటాయి కాబట్టి, మీ దగ్గరున్నది ఏ రకమో మొదటి రోజే అడగండి. ఆ ఆఫీసు ఎవరికి జవాబుదారీ అన్నది కూడా అడగండి. మా దగ్గర ఆవిడ ప్రిన్సిపాళ్ల కింద లేరు, అందరికంటే పైనున్న అధికారికే నేరుగా చెప్పుకుంటారు. కింద ఉండుంటే నేను నమ్మేదాన్ని కాదు.

అంతర్జాతీయ అంబుడ్స్ అసోసియేషన్ ఇలాంటి ఆఫీసులకి నాలుగు సూత్రాలు పెట్టింది: స్వతంత్రంగా ఉండటం, పక్షపాతం లేకపోవడం, గోప్యత, ఫైళ్లూ విచారణలూ లేకుండా మాటలతో పని జరపడం. వీటిలో నాకు బాగా పనికొచ్చింది గోప్యత. ప్రతి ఫోన్‌కి ముందు ‘ఈ మాట బయట చెప్పొచ్చా? మీ పేరు చెప్పొచ్చా?’ అని విడివిడిగా అడిగేవారు. ఒకసారి ‘పేరు వద్దు’ అన్నాను. అయితే వివరాలు చెప్తే మీరేనని వాళ్లకి తెలిసిపోతుంది, ఆలోచించుకోండి అని రెండు రోజులు ఆగారు. సమస్య తేలాక తను రాసుకున్న కాగితాలు నా కళ్ల ముందే ముక్కలు చేసే మెషీన్లో పెట్టారు. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం దాచనని ముందే చెప్పారు.

రెండోసారి ఉద్యోగిగా వెళ్లాను. మా క్లాస్ టీచర్ నా డ్యూటీ అడ్డదిడ్డంగా మార్చేవారు. భోజనం వేళ కూడా పిల్లలతోనే ఉండాల్సి వచ్చేది. హెచ్‌ఆర్‌కి రాస్తే ఫైల్ తెరుచుకుంటుంది, రేపు మళ్లీ ఆవిడ పక్కనే పని చేయాలి. రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అంబుడ్స్ ఆఫీసువాళ్లు మూడు దార్లు చూపించారు: ఎలా మాట్లాడాలో నాకు నేర్పడం, ఇద్దరి మధ్యా కబురు నడపడం, ఇద్దర్నీ కూర్చోబెట్టడం. కూర్చోబెట్టమన్నాను. ముందురోజు అంబుడ్స్ ఆఫీసు ఆవిడే మా టీచర్‌లా కూర్చుని నాతో మాట్లాడించారు. నేను ‘మీరెప్పుడూ ఇంతే’ అని మొదలుపెట్టగానే ఆపి, ‘ఏ రోజు?’ అన్నారు. ‘పోయిన మంగళవారం, గురువారం’ అని మార్చుకున్నాను.

మర్నాడు ఆ రెండు రోజుల పేర్లే నన్ను గట్టెక్కించాయి. అసిస్టెంట్లకి 30 నిమిషాల విరామం రాసిపెట్టి ఉందని మా టీచర్‌కి అసలు తెలియదు. ఆవిడకి ఎవరూ టైమ్‌టేబుల్ ఇవ్వలేదు. నేను మొహం చిన్నబుచ్చుకుని తిరుగుతుంటే ఈ పని ఇష్టంలేక అలా ఉన్నాననుకున్నారట. రెండేళ్లయింది, ఇప్పటికీ కలిసే చేస్తున్నాం.

ఇక మూడోది. బస్సులో జరిగిన ఒక గొడవకి మా బాబుని మూడు రోజులు సస్పెండ్ చేశారు, రికార్డులో రాశారు. తప్పు వాడిదొక్కడిదే కాదని మా నమ్మకం. అలవాటు కొద్దీ మళ్లీ ఇక్కడికే వెళ్లాను. ఫోన్లు, మీటింగులు, అన్నీ సామరస్యంగా నడిచాయి. ఈలోగా అప్పీల్‌కి ఇచ్చిన 10 పనిదినాలు దాటిపోయాయి. పదమూడో పనిదినాన మా ఆయన కాగితం పట్టుకెళ్తే గడువైపోయిందని తిరగ్గొట్టారు. అంబుడ్స్ ఆఫీసులో చెప్పుకోవడం స్కూల్‌కి రాసిచ్చినట్టు కాదు, అక్కడ మాట్లాడుతున్నంత మాత్రాన గడువు ఆగదు. మొదటి ఏడాది ఇచ్చిన కాగితంలో ఇది రాసే ఉంది. కానీ ఆవిడ ఈసారి గుర్తు చేయలేదు, అది చేయాల్సింది. ఆ మాట ఆవిడకే చెప్పాను. తప్పేనని ఒప్పుకున్నారు. ఇప్పుడు కొత్తగా ఎవరు ఫోన్ చేసినా ముందు ‘ఏదైనా చివరి తేదీ ఉందా?’ అని అడుగుతున్నారట. మా బాబు రికార్డులో ఆ మూడు రోజులు మాత్రం అలాగే ఉన్నాయి.

అందుకే నా మాట ఇది. అవతలివాళ్లతో రేపు కూడా కలిసి నడవాల్సిన గొడవైతే ఇక్కడికి వెళ్లండి. గడువు ఉన్న నిర్ణయమైతే ముందు అప్పీల్ పడేసి, ఆ తర్వాత వెళ్లండి. రెండూ ఒకేసారి చేయొచ్చా లేదా అన్నది వాళ్లనే అడగండి, కొన్ని ఆఫీసులు అప్పీల్ నడుస్తుంటే పక్కకి తప్పుకుంటాయి. పిల్లల ఒంటి మీద చెయ్యి పడిన విషయమైతే ఈ ఆఫీసు జోలికి పోకుండా నేరుగా పోలీసులకి, పిల్లల రక్షణ చూసే అధికారులకి చెప్పండి.

ఏడాదికోసారి ఆ ఆఫీసు పేర్లూ స్కూళ్లూ లేకుండా, పదేపదే వస్తున్న సమస్యలని పైవాళ్లకి రాసిస్తుంది. మొదటి గొడవ అయిన ఏడాది వచ్చిన దాంట్లో ‘ప్రత్యేక క్లాసు ఆగినప్పుడు ఇంటికి తెలియడం లేదు’ అని ఒక లైను ఉంది. అలా చెప్పుకున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది మా బాబు రీడింగ్ టీచర్ సెలవు పెట్టిన నాలుగో రోజు ఇంటికి ఉత్తరం వచ్చింది. ఎవరు చదివిస్తారో, ఏ రోజు నుంచో అందులో రాసి ఉంది.