ప్రొజెక్టర్ తెర మీది చారలు ఆపిన కేబుల్ ఐసోలేటర్

తెర మీద మెల్లగా పైకి పాకే అడ్డచారలు, స్పీకర్లలో గుయ్‌మనే మోత. టీవీ కేబుల్‌కి బిగించే ఈ చిన్న ఐసోలేటర్ రెంటినీ పూర్తిగా ఆపేసింది. అంతకుముందు పెట్టిన పవర్ లైన్ ఫిల్టర్‌తో ఏమీ మారలేదు. అది ఆపేది మోటార్లు, డిమ్మర్లు పుట్టించే హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌ని. ఈ చారలు 50 లేదా 60 హెర్ట్జ్ మెయిన్స్ కరెంటువి. టీవీ కేబుల్‌కి ఒక ఎర్త్, ప్లగ్గుకి మరో ఎర్త్ ఉంటే, ఆ రెంటి మధ్య వోల్టేజి తేడా వల్ల కేబుల్ పై తొడుగులో కరెంటు పారుతుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. సెట్‌టాప్ బాక్స్ మెనూ తెర మీద ఉంచి కేబుల్ ఊడదీసి చూడండి. చారలు పోతే జబ్బు దొరికినట్టే.

చారల కోసం ప్లగ్గు ఎర్త్ పిన్ తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, షాక్ కొడితే ప్రాణాలు పోతాయి.

ఈ ఐసోలేటర్‌ని సెట్‌టాప్ బాక్స్‌కి ముందు బిగించాను. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ టీవీ సిగ్నల్‌ని వదిలి, గ్రౌండ్ లూప్ కరెంటుని ఆపుతుంది. బొమ్మ నాణ్యత ఏం తగ్గలేదు, ఛానెళ్లన్నీ వస్తున్నాయి. డిష్ ఉన్నవాళ్లు మాత్రం కొనకండి: కేబుల్‌లో వెళ్లే డీసీ కరెంటు కూడా ఆగిపోతుంది, డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీకి పవర్ అందదు.