తిరుపతి ట్రిప్: హైవే మీద హడలిపోయాం, ఘాట్‌లో హాయిగా ఉంది

గుంటూరు నుంచి కారులో తిరుపతి వెళ్లొచ్చాం. ఒంగోలు, నెల్లూరు ఇట్టే దాటేశాం, టిఫిన్లు బాగున్నాయి, తిరుపతిలో 1,800 పెట్టి తీసుకున్న రూములో వేడినీళ్లు రాలేదు. నేను చెప్పాలనుకున్నది మాత్రం రోడ్ల సంగతి.

నెల్లూరు దాటాక ఒక ఊరి దగ్గర, డివైడర్ పగలగొట్టిన సందులోంచి పాలక్యాన్ల బైకు ఒకటి అడ్డంగా వచ్చేసింది. మా ఆయన సడన్ బ్రేక్ వేశారు. వెనకున్న అత్తయ్యగారి తల ముందు సీటుకి కొట్టుకుంది, పులిహోర డబ్బా మూత ఊడి మొత్తం కాళ్ల కింద పడింది. ఈయన తిట్టడానికే కారు దిగారు. పక్కనే టీ కొట్టాయన అసలు విషయం చెప్పాడు: ఆ బైకువాళ్ల ఇల్లు ఇవతల, గొడ్లపాక అవతల, యూటర్న్ రెండున్నర కిలోమీటర్లు ముందుకెళ్తే గానీ లేదు. అంటే రోడ్డు దాటడానికి ఐదు కిలోమీటర్లు తిరగాలి, పొద్దునా సాయంత్రం. ఆ పెట్రోలు ఎవరు పోస్తారండి? రోడ్డు వేసేటప్పుడే అక్కడో చిన్న అండర్‌పాస్ కట్టుంటే ఖర్చు ఒక్కసారితో పోయేది. అప్పుడు మిగుల్చుకున్న డబ్బుని ఇప్పుడు ఆ ఊరివాళ్లు రోజూ కడుతున్నారు. అత్తయ్యగారు తిరుపతి దాకా నోరు విప్పలేదు.

మర్నాడు అలిపిరిలో కారుకి 50 కట్టి కొండెక్కాం. ఎదురుగా ఒక్క బండి రాదు! 1944లో వేసిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికే, 1974లో వేసిన రెండోది ఎక్కడానికే. పైకి 28 నిమిషాల్లోపు, కిందికి 40 నిమిషాల్లోపు చేరితే ఫైన్ కాబట్టి తొందరపడేవాళ్లూ తక్కువే. రెండో రోడ్డుకి అడవి పోయింది, కొండ తొలిచారు, వానలకి బండలు కూడా పడతాయి, 2021 డిసెంబరులో రోడ్డే దెబ్బతింది. అయినా మలుపులో ఎదురెదురుగా గుద్దుకునే భయం లేకపోవడం ముందు ఆ ఖర్చు నాకు ఎక్కువనిపించలేదు. మలుపులంటే వాంతులయ్యే అత్తయ్యగారు కిటికీ దించి గోవిందలు చెప్పుకుంటూ కూర్చున్నారు.

నన్నడిగితే హైవేల్ని ఆరు లైన్లు చేసే ముందు ఊళ్ల దగ్గర అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు కట్టాలి. దానికోసం టోలు ఇంకో 20 పెంచినా కడతాను, ఒట్టి తారు వెడల్పు చేయడానికైతే కట్టబుద్ధి కాదు.

కొండ దిగేటప్పుడు బండి సెకండ్ గేర్‌లోనే ఉంచండి, 36 హెయిర్‌పిన్ మలుపులు, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కిపోతాయి.